రెండో సంపుటంలో ఎర్రసిరా

భూతద్దంగారికి అచ్చులో పడ్డ ఏ మాట మీదా నమ్మకం లేదు. ఎవరైనా పెళ్ళి శుభలేఖ చేతికిస్తే, పెళ్ళికొడుకు ఎవరో చూడకముందే తేదీకీ వారానికీ పొంతన కుదిరిందో లేదో చూస్తారు. మందుసీసా మీది కాగితం రెండుసార్లు చదివి, మూడోసారి భార్య చేత చదివించుకుని, అప్పుడు గానీ మూత తియ్యరు. బస్సు బోర్డు మీద ఊరి పేరులో ఒత్తు తప్పితే ఆ బస్సెక్కరు. ఒత్తు ఎక్కడుండాలో తెలియనివాళ్ళకి ఊరెక్కడుందో మాత్రం ఏం తెలుస్తుందని ఆయన వాదన.

ముప్పై ఆరేళ్ళు ఒకే అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషి. అసలు పేరు పెన్షను కాగితాల్లో ఉంది. జేబులో ఎప్పుడూ ఓ భూతద్దం ఉండేది కాబట్టి ఆఫీసులో ఆ పేరు పడింది, రిటైరై ఏడేళ్ళయినా వీధిలో అదే నిలిచింది. ఆ భూతద్దం పక్కనే ఎర్రసిరా పెన్ను. పొద్దున్నే పేపరు రాగానే మొదటి పేజీ నుంచి ఆటల పేజీ దాకా దిద్దుకుంటూ పోతారు. దిద్దిన పేపరు ఎవరికీ పంపరు, ఎవరూ అడగరు. పాత పేపర్లు కొనేవాడు మాత్రం, "మీ ఇంటి పేపర్లకి తట్టు పోసినట్టుంటుందండీ," అంటాడు.

ఆయన భార్యది కూడా ఆ అచ్చాఫీసే. ప్రూఫు దిద్దేవాడి ఎదురుగా కూర్చుని, రాతప్రతిని కామాలతో సహా పైకి చదివే ఉద్యోగం ఆవిడది. దాన్ని కాపీ చదవడం అనేవాళ్ళు. ఆవిడ చదువుతుంటే ఆయన అచ్చుకాగితం మీద వేలు నడిపేవారు. ఆవిడ కామా అన్న తీరు నచ్చి పెళ్ళి చేసుకున్నానని ఆయన చెప్పుకుంటారు. "నేను ఫుల్‌స్టాప్ అన్నాను, ఆయన వినిపించుకోలేదు," అని ఆవిడ సవరిస్తుంది.

ఇక పుస్తకాల సంగతి. ఆ అచ్చాఫీసు పాత యజమాని పోయాక ఆయన గది ఖాళీ చేస్తుంటే, ఓ అట్టపెట్టె నిండా విక్టోరియా కాలపు ఇంగ్లీషు నవలలు బయటపడ్డాయి. ముదురాకుపచ్చ గుడ్డ బైండు, వీపు మీద బంగారు అక్షరాలు, పైఅంచుకి పూసిన బంగారు పూత సగం చెరిగి ఉంది. కొత్త యజమాని, "చెదలు పడతాయి, తీసుకుపొండి," అన్నాడు. భూతద్దంగారు ఇంటికి తెచ్చి, అలవాటు కొద్దీ తప్పులు వెతికారు. మొదటి పుస్తకంలోనే నాలుగు దొరికాయి. అంత సంతోషం ఆయనకి పెళ్ళినాడు కూడా కలగలేదని ఆవిడ అనుమానం.

ఆ తరవాత ఆ లోకం పద్ధతులు ఒక్కొక్కటే తెలిశాయి. అక్కడ తప్పే సాక్ష్యం. ఓ నవల అచ్చవుతూ ఉండగా ఎవరో తప్పు పట్టుకుంటారు, యంత్రం ఆపి అక్షరం మారుస్తారు, మళ్ళీ తిప్పుతారు. అందుచేత తప్పున్న కాపీ ముందు అచ్చయినది, తప్పు లేనిది తరవాతది. పోగుచేసేవాళ్ళు కోరేది ముందుదాన్నే. జీవితమంతా తప్పుల్ని ఏరిపారేసిన మనిషి, అప్పణ్ణించీ తప్పున్న పుస్తకాల కోసం కాళ్ళరిగేలా తిరగడం మొదలుపెట్టారు.

ఇంట్లో చిన్నగది పుస్తకాలదైపోయింది. దానికి నిబంధనలున్నాయి. చేతులు కడుక్కుని తుడుచుకుని రావాలి. టీ కప్పు గడప దాటకూడదు. పెన్ను అసలే కూడదు, ఏదైనా రాసుకోవాలంటే పెన్సిలే. బావమరిది ఓసారి లావుపాటి నవల తలకింద పెట్టుకుని కునుకు తీశాడు. ఆ తరవాత రెండేళ్ళు అతన్ని వరండాలోనే కూర్చోబెట్టి మాట్లాడారు.

ఆ గదికంతటికీ కన్నులాంటిది ఓ మూడు సంపుటాల నవల. ఆస్తి కోసం చచ్చినట్టు నటించిన ఒక ఓడల యజమాని కథ. మొదటి సంపుటం, మూడో సంపుటం యజమాని పెట్టెలోనే దొరికాయి. రెండోది లేదు. దానికోసం పదకొండేళ్ళు వెతికారు. అందులో రెండు వందల పన్నెండో పేజీ తొమ్మిదో వరసలో 'హజ్బెండ్' అనే మాట ఉంటుంది. చేత్తో అక్షరాలు పేర్చిన రోజులు కదా, పేర్చినవాడు 'యు' అనే అక్షరాన్ని తలకిందులుగా పెట్టాడు, అది 'ఎన్' లాగా పడింది. ఆ తప్పున్న కాపీలు చాలా తక్కువ. ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు ఆవిడ, "అయితే మొగుణ్ణి తలకిందులు చేశారన్నమాట. ఎవరా మహానుభావుడు?" అంది.

ఆ రెండో సంపుటాన్ని ఆర్నెల్ల కిందట తెచ్చిపెట్టినవాడు కంపోజిటర్. అదే అచ్చాఫీసులో పదిహేనేళ్ళు అక్షరాలు పేర్చి, కంప్యూటర్లు వచ్చి ఆ పని పోయాక, ఓ మేడమెట్ల కింద పాత పుస్తకాల కొట్టు పెట్టుకున్నాడు. భూతద్దంగారిని గురువుగారూ అంటాడు. పుస్తకం ఇచ్చిన మూడోరోజున ఆ పేజీ సంగతి తెలిసి నవ్వేశాడు. "ముందే చూసుకుని ఉంటే మీకిచ్చేవాణ్ణి కాదు గురువుగారూ." భూతద్దంగారూ నవ్వారు గానీ, ఆ మాటని లోపల ఓ పక్కన మడిచి పెట్టుకున్నారు. ఎప్పుడైనా పనికొస్తుంది.

ఈ మధ్య ఇంట్లో అన్నీ వింతలే. పొద్దున్నే పెరటి కొళాయి ధారగా పోతూ ఉంటుంది. వీధితలుపు గడియ వెయ్యకుండా ఉంటుంది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా గ్యాసు వస్తూనే ఉంటుంది. కళ్ళజోడు పెట్టె బియ్యండబ్బాలో దొరికింది. ఆయన ఒంటికాలి మీద లేచి ఎవరు చేశారని అడిగితే, "నేనేనండీ, ధ్యాస లేకపోయింది," అంటుంది ఆవిడ. ప్రతిసారీ అదే మాట. ఆయన పదిమాటలు చివాట్లు పెట్టి, తరవాత జాలిపడతారు. కిందటినెల బావమరిదిని గేటు దాకా తీసుకెళ్ళి చెవిలో చెప్పారు కూడా.

"మీ అక్కకి మతిమరుపు మొదలైందోయ్. మాటల్లో పెట్టి డాక్టరుకి చూపించాలి."

బావమరిది ఆయన మొహంలోకి ఓ క్షణం చూశాడు. "సరే బావగారూ, ఇద్దరూ కలిసే వెళ్ళండి. వెళ్ళేది ఎటూ ఒక రిక్షాలోనేగా," అన్నాడు. వీడికెప్పుడూ వేళాకోళమే అనుకున్నారు భూతద్దంగారు.

పాత పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్ళు పదిహేనుమంది నెలకో ఆదివారం గ్రంథాలయం మేడమీద గదిలో చేరతారు. రిటైరైన పశువుల డాక్టరు వాళ్ళకి అధ్యక్షుడు. ఈ ఆదివారం మూడు సంపుటాలూ తెచ్చి చూపిస్తానని భూతద్దంగారు మాటిచ్చారు. శుక్రవారం మధ్యాహ్నం చేతులు కడుక్కుని, మెత్తటి గుడ్డ పరుచుకుని, రెండో సంపుటం రెండు వందల పన్నెండో పేజీ తెరిచారు.

తొమ్మిదో వరసలో తలకిందుల అక్షరం మీద ఎర్రగీత ఉంది. పక్కన అంచులో, అదే ఎర్రసిరాతో, తొమ్మిది అంకె లాంటి గుర్తు ఉంది. అక్షరం తలకిందులైంది, నిలబెట్టండి అని చెప్పడానికి ప్రూఫు దిద్దేవాళ్ళు వేసే గుర్తు అది.

ఆయన కాసేపు కళ్ళు మూసుకుని తెరిచి చూశారు. గుర్తు అక్కడే ఉంది. సిరా కాగితంలోకి ఇంకి వెనకపేజీలో కూడా చిన్న చుక్కలా తేలింది. నూట నలభై ఏళ్ళు ఏ పెన్నూ తగలకుండా బతికి వచ్చిన కాగితం, తన ఇంటికొచ్చిన ఆర్నెల్లకి ఇలా అయింది. ఏడుపొచ్చింది. ఏడుపు వెనకాలే, ఆయనకి అలవాటైన ప్రకారం, అనుమానం వచ్చింది.

భూతద్దం తీసి చూశారు. తొమ్మిది తోక చివర ఎడమవైపుకి చిన్న కొక్కెం. అచ్చం తను వేసినట్టే ఉంది. అంటే వేసినవాడు మామూలువాడు కాడు. తన చేతిని అనుకరించి, తన మీదకే నెట్టాలని చూసినవాడు. ఎంత దుర్మార్గం.

బావమరిది బ్యాంకు గుమాస్తా, ఎర్రపెన్ను అతని దగ్గరా ఉంటుంది. పోయినవారం ఈ గది కిటికీ కింద ఓ పెన్నుమూత దొరికితే ఆయన అతని లెక్కలోనే వేసుకున్నారు. కానీ బావమరిదికి ఈ గుర్తు తెలియదు. తెలిసినవాళ్ళు ఊళ్ళో ముగ్గురే. తను, భార్య, కంపోజిటర్. భార్యకి గుర్తులన్నీ తెలుసు, నేర్పింది తనే. కానీ ఈ గదిలో ఆవిడ దుమ్ము దులపడమే తప్ప పుస్తకం తెరవదు. "మీ పుస్తకాలు మీరే చూసుకోండి, నేను చదివినన్ని కామాలు చాలు," అని ఏనాడో చెప్పేసింది.

మిగిలింది కంపోజిటర్. రెండువారాల కిందట మంగళవారంనాడు, ఈ సంపుటంలో ఊడిన మొదటికాగితం అతికించి పెడతానని వచ్చాడు. ఆయన ఆవేళ కంటిడాక్టరు దగ్గరికి వెళ్ళారు. అరగంట ఆ గదిలో ఒక్కడే ఉన్నాడు. పైగా ఆ మాట. చూసుకుని ఉంటే మీకిచ్చేవాణ్ణి కాదు. లోపల మడిచి పెట్టుకున్నది ఇప్పుడు పనికొచ్చింది.

పుస్తకాన్ని తువ్వాలులో చుట్టి, చెప్పులు వేసుకుని, తాడో పేడో తేల్చుకోవడానికి బయల్దేరారు. "ఎండలో ఎక్కడికండీ?" అని వెనకనించి ఆవిడ అడిగినా వినిపించుకోలేదు.

మెట్ల కింద కొట్టు. నిటారుగా నిలబడితే తల తగులుతుంది. ఇరవై ఏళ్ళుగా వంగి వంగి కంపోజిటర్ వీపు అలాగే ఉండిపోయింది. పుస్తకాలకి అట్టలు తొడుగుతూ తలెత్తి, "రండి గురువుగారూ," అని స్టూలు తుడిచాడు.

భూతద్దంగారు కూర్చోలేదు. పేజీ తెరిచి ముందు పెట్టారు. "ఈ గుర్తు ఎవరిదయ్యా?"

కంపోజిటర్ కళ్ళజోడు పైకి తోసుకుని వంగాడు. గుర్తు వంక చూశాడు, ఆయన వంక చూశాడు, మళ్ళీ గుర్తు వంక చూశాడు. "అయ్యో. ఎప్పుడు పడిందండీ ఇది?"

"అది నువ్వు చెప్పాలి."

"నేనా?"

"ఆ మంగళవారం అరగంట ఒక్కడివే ఉన్నావు. ఈ గుర్తు తెలిసినవాళ్ళం ముగ్గురం. నేను వెయ్యలేదు. మా ఆవిడ పుస్తకం తెరవదు. మిగతాది నువ్వే తేల్చు."

కంపోజిటర్ మళ్ళీ వంగాడు. వేలితో ఆ కొక్కెం దగ్గర, కాగితాన్ని తాకకుండా, గాల్లో చూపించాడు. "ఈ చెయ్యి నాకు తెలుసండీ," అన్నాడు మెల్లగా.

"తెలిస్తే చెప్పు. ఎవరిది?"

అతను పుస్తకం మెల్లగా మూసి, "అమ్మగారు బాగున్నారా?" అని అడిగాడు.

దొరికిపోయినవాడు మాట మారుస్తాడని భూతద్దంగారికి ఎవరూ చెప్పక్కర్లేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. "ఆదివారం అందరి ముందూ తేలుద్దాం. నీ మాట మీద పుస్తకాలు కొనేవాళ్ళు కదా వాళ్ళంతా. వాళ్ళకీ తెలియాలి."

"అందరి ముందూ వద్దు గురువుగారూ," అన్నాడు కంపోజిటర్. "నా కోసం అనటంలేదు."

"మరెవరి కోసం?"

కంపోజిటర్ మళ్ళీ అట్టలు తొడగడంలో పడ్డాడు. భూతద్దంగారు పుస్తకం చుట్టుకుని, నిటారుగా నిలబడబోయి తల మెట్టుకి కొట్టుకుని, ఆ దెబ్బ కూడా కంపోజిటర్ ఖాతాలోనే వేసి ఇంటికొచ్చారు.

శనివారం పొద్దున ఉత్తరం రాశారు. అధ్యక్షుడికి, సభలో చదివి వినిపించడానికి. నాలుగుసార్లు కొట్టేసి ఐదోసారికి కుదిరింది. చక్కగా మరో కాగితం మీద ఎక్కించి, రెండూ సరిచూడాలి గనక, పాతరోజుల్లోలాగే భార్యని పిలిచారు.

"ఇదిగో, కాస్త కాపీ చదువు."

ఆవిడ చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చుంది. చిత్తుకాగితం ఆవిడ చేతిలో, సాపుకాగితం ఆయన ముందు. ఆవిడ గొంతు సవరించుకుంది. ఆ గొంతుకి వయసు వచ్చింది గానీ తీరు మారలేదు.

"అధ్యక్షులవారికి కామా. నమస్కారం ఫుల్‌స్టాప్. పేరా. మన మిత్రబృందంలో చాలాకాలంగా నమ్మకస్తుడిగా చలామణీ అవుతున్న ఒక వ్యాపారి కామా..."

ఆయన వేలు వరస వెంట నడుస్తోంది. ఆవిడ ఒకే గొంతుతో చదువుతూ పోయింది. అరగంట ఒంటరిగా ఉండటం, ఎర్రసిరా, దొంగచేతి రాత.

"కావున ఆ వ్యక్తి చేతికి ఇకమీదట ఎవరూ పుస్తకం..."

ఆగింది.

"కామా ఉందా అక్కడ?" అన్నారు ఆయన తలెత్తకుండా.

"లేదు."

"మరి ఆగావేం?"

ఆవిడ కాగితం బల్ల మీద పెట్టేసింది. "నేనే దిద్దానండీ."

"ఏమిటి?"

"ఆ పుస్తకంలో. నేనే దిద్దాను."

భూతద్దంగారు వేలు అలాగే కాగితం మీద ఉంచి చూశారు. "ఎప్పుడు?"

"మీరు కంటిడాక్టరు దగ్గరికి వెళ్ళిన రోజు. అతను అతికించి వెళ్ళిపోయాక. మీరంత సంబరపడిపోతున్నారు కదా, ఏమిటో చూద్దామని తెరిచాను. తప్పు కనిపించింది. చెయ్యి ఊరుకోలేదు."

"పెన్నెక్కడిది?"

"మీదే. పేపరు మీద పెట్టి వెళ్ళారు."

"దిద్దకూడదని తెలియదా నీకు? పదకొండేళ్ళు వెతికింది ఆ తప్పు కోసమే కదా. వందసార్లు చెప్పానే."

"గుర్తులేదండీ. ధ్యాస లేకపోయింది."

అవే మాటలు. ఆయనకి మండుకొచ్చింది. పావుగంట సేపు ఆవిణ్ణి తిట్టారు. కంపోజిటర్ని తిట్టకూడదని తేలడంతో ఆ తిట్లు కూడా ఆవిడకే వెళ్ళాయి. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని విన్నది. ఉత్తరం నాలుగు ముక్కలు చేసి పారేశారు. ఓ పక్క కోపం ఉన్నా, ఇంకో పక్క ఊపిరాడినట్టయింది. కంపోజిటర్ మీద ముప్పై ఏళ్ళుగా పెట్టుకున్న నమ్మకం తప్పు కాదన్నమాట. భార్యకి మతిమరుపన్న తన అంచనా కూడా నిజమే. అన్నీ సరిపోయాయి.

అరిచి గొంతు ఎండిపోతే మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళారు. గ్లాసు ఎత్తి తాగుతుంటే ఎదురుగా గోడ మీద క్యాలెండరు కనిపించింది. ఆవిడ దాని అంచుల్లో అందరి ఫోను నంబర్లూ రాసుకుంటుంది. తమ్ముడిది, కంటిడాక్టరుది, గ్యాసువాళ్ళది. ఆ నంబర్లలో తొమ్మిదులున్నాయి.

ఆయన గ్లాసు దించి దగ్గరికి వెళ్ళారు. ఆవిడ తొమ్మిది తోక నిలువుగా, కర్రలాగా దిగుతుంది. ఒక్కదానికీ కొక్కెం లేదు. మొత్తం పదిహేడు తొమ్మిదులు. భూతద్దం పెట్టి పదిహేడూ చూశారు.

తరవాత వరండాలోకి వెళ్ళి, పొద్దున తను దిద్దిన పేపరు తీశారు. రెండో పేజీలో ఓ ఇంగ్లీషు ప్రకటన. అందులో ఒక అక్షరం తలకిందులుగా వేశారు, చదివేవాళ్ళ కళ్ళు పడాలని కావాలనే వేసిన షోకు అది. దాన్నీ వదలకుండా పక్కన గుర్తు వేసి ఉంది. ఎర్రటి తొమ్మిది, తోక చివర ఎడమవైపుకి కొక్కెం. దాన్ని పుస్తకం పక్కన పెట్టి చూశారు. ఒకటే చెయ్యి.

కుర్చీలో కూర్చున్నారు. తను ఎప్పుడు దిద్దారు? ఏ మధ్యాహ్నం? పేపరు దిద్ది, ఆ పెన్ను జేబులోనే ఉండగా గదిలోకి వెళ్ళి, పుస్తకం తెరిచి, తప్పు కనిపించగానే ముప్పై ఆరేళ్ళ చెయ్యి తన పని తాను చేసేసి ఉండాలి. కిటికీ కింద దొరికిన పెన్నుమూత కూడా తనదే. ఎంత వెతికినా ఆ మధ్యాహ్నం ఆయనకి గుర్తురాలేదు. అక్కడ ఏమీ అచ్చు కాని కాగితంలా ఉంది. ఆయనకి భయం వేసింది. అంత భయం ఏ అనుమానంలోనూ ఎప్పుడూ వెయ్యలేదు.

ఆ వెనకే మిగతావన్నీ వచ్చాయి. కొళాయి, గడియ, గ్యాసు, బియ్యండబ్బాలో కళ్ళజోడు పెట్టె. ఆవిడ కళ్ళజోడే పెట్టుకోదు. నేనేనండీ, నేనేనండీ అని ఎన్నిసార్లు అంది. ప్రతిదానికీ తను అరిచారు, ఆవిడ కడుపులో పెట్టుకుంది. ఇరుగుపొరుగుకి, తమ్ముడికి, రేపు డాక్టరుకి కూడా మతిమరుపుదాన్ని నేనే అని నిలబడటానికి ఆవిడ సిద్ధంగానే ఉంది. గేటు దగ్గర బావమరిది తన మొహంలోకి ఎందుకలా చూశాడో ఇప్పుడు అర్థమైంది. ఇద్దరూ కలిసి వెళ్ళమన్నది కూడా వేళాకోళం కాదు.

లోపల ఆవిడ గిన్నెలు కడుగుతున్న చప్పుడు. ఆయన వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కొచ్చి చెప్పులు వేసుకున్నారు.

"మళ్ళీ ఎక్కడికండీ?"

"అతనికి చెప్పి రావద్దూ? నువ్వు దిద్దావని."

మెట్ల కింద కంపోజిటర్ తలుపు దగ్గరే కూర్చుని ఉన్నాడు. నిన్న జరిగిన దానికి మొహం చిన్నబోయి ఉంది గానీ లేచి స్టూలు తుడిచాడు. ఈసారి భూతద్దంగారు కూర్చున్నారు.

"మా ఆవిడ దిద్దిందట," అన్నారు.

"అమ్మగారా?" కంపోజిటర్ తల ఊపాడు. "అయితే సరేనండీ."

అలా అంత సులువుగా సరే అనేసరికి ఆయనకి ఇంకేమీ దాచబుద్ధి కాలేదు. "కాదయ్యా. నేనే. నీకు నిన్ననే తెలుసు కదా."

కంపోజిటర్ నేల చూపులు చూశాడు. "మీ కొక్కెం చూసి పదిహేనేళ్ళు అక్షరాలు మార్చానండీ. నిద్రలో చూపించినా చెబుతాను. ఆ మాట మీతో ఎలా అనను?"

"దొంగ అన్నా పడ్డావు."

"అది పర్లేదు. నేను దొంగని కాదని నాకు తెలుసు కదా. మీకు ఇది తెలిస్తే ఏమవుతారోనని." తలెత్తి అడిగాడు. "అమ్మగారికి చెప్పారా, మీకు తెలిసిపోయిందని?"

"లేదు."

"చెబుతారా?"

భూతద్దంగారు అతని భుజం మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉంచారు. ఆయనకి క్షమించమని అడగడం అలవాటు లేదు. ఆ చెయ్యి బరువులో కంపోజిటర్ దాన్ని చదువుకున్నాడు.

ఇంటికొచ్చి కాళ్ళూ చేతులూ కడుక్కుని, చిన్నగదిలో గుడ్డ పరుచుకుని, పుస్తకం తెరిచారు. ఆవిణ్ణి పిలిచారు. ఆవిడ గుమ్మంలో నిలబడి, ఆయన చేతిలో ఎర్రపెన్ను చూసి, "ఈ గదిలో పెన్ను కూడదు కదండీ," అంది.

"ఇదొక్కటే."

తలకిందులైన ఆ మాట కింద, అక్షరానికో చుక్క చొప్పున, ఆయన వరసగా ఏడు చుక్కలు పెట్టారు. పక్కన అంచులో చిన్నగా 'ఉండనీ' అని రాశారు. ప్రూఫులో ఏదైనా పొరపాటున దిద్దితే, దిద్దింది లెక్కచెయ్యకండి, ముందున్నది ఉన్నట్టే ఉండనివ్వండి అని చెప్పే పద్ధతి అది. ముప్పై ఆరేళ్ళలో ఆయన ఆ గుర్తు వెయ్యాల్సి వచ్చిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. తను దిద్దింది తప్పని ఒప్పుకోవడమంటే ఆయనకి ప్రాణసంకటం.

"చదువు," అన్నారు.

ఆవిడ వంగి చూసింది. చుక్కలు చూసింది, మాట చూసింది, ఆయన్ని చూసింది. కాపీ చదివే గొంతుతోనే మొదలుపెట్టింది. "హజ్బెండ్. రెండో అక్షరం తలకిందులు. కింద చుక్కలు ఏడు. ఉండనీ."

ఆయన పెన్నుకి మూత పెట్టి ఆవిడ చేతిలో పెట్టారు. "ఇకనించి ఇది నీ దగ్గరే ఉండాలి. దిద్దేది నువ్వే కదా."

ఆవిడ పెన్ను అందుకుంది. ఆయనకి తెలిసిపోయిందని ఆవిడకి తెలిసింది. ఆ సంగతి ఇద్దరిలో ఎవరూ పైకి అనలేదు.

"మరి రేపు పొద్దున పేపరు ఎలా?" అంది.

"నువ్వు పక్కన కూర్చో. తప్పు నేను చెబుతాను, నువ్వు వెయ్యి."

ఆవిడ పెన్ను కొంగున ముడేసుకుంది. పెరట్లో కొళాయి కారుతున్న చప్పుడు వినిపించి, "నేనే వదిలేశానండీ," అంటూ వెళ్ళబోయింది.

"పర్లేదు," అన్నారు భూతద్దంగారు. "నేను కట్టేస్తాలే." లేచి ఆవిడ వెనకాలే పెరట్లోకి నడిచారు.